పోటీ పరీక్షల ప్రత్యేకం: ములుగు అడవుల్లో ఇప్పపువ్వు

యూరప్‌లో సువాసన గల తెల్లవైన్ అంటే మస్కట్ ద్రాక్ష గుర్తొస్తుంది. దాని పరిమళానికి లినలూల్, జెరానియాల్ వంటి టెర్పీన్లు కారణం. ములుగు జిల్లాలో పానీయం అంటే అలా గుర్తొచ్చేది ఇప్పపువ్వు.

శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా, కుటుంబం సపోటేసి, అంటే సపోటాకు చుట్టమే. వేసవి మొదట్లో, ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో, లేత మీగడ రంగు పూలు తెల్లవారకముందే రాలతాయి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో కోయ కుటుంబాలు వాటిని ఏరి ఎండబెడతాయి. చక్కెర ఎక్కువ కాబట్టి నానబెడితే సులువుగా పులుస్తాయి. అభ్యర్థులు తరచూ తడబడే చోటు ఇదే: వైన్ పులియబెట్టిన పానీయం, ఇప్పసారా పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి తీసేది. కాబట్టి పద్ధతిలో అది బ్రాందీకి దగ్గర.

ఇప్పపువ్వును సారాకే ముడిపెట్టడం అన్యాయం. అది ఆహారం కూడా; లడ్డూలు చేస్తారు, గింజల నుంచి నూనె తీస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును గిరిజనులకిచ్చింది.

ఇక జిల్లా విషయానికొస్తే, ములుగు 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క–సారలమ్మ జాతర జరిగే మేడారం తాడ్వాయి మండలంలోనిదే. అక్కడ ‘బంగారం’గా సమర్పించేది బెల్లం.