స్పంజి బాణపు గమనము

నేటి బాలబాలికలు ఆడుకొను వస్తువులలో స్పంజి బాణములను విసరు బొమ్మతుపాకి మిక్కిలి ప్రీతిపాత్రమైనది. 1969లో అమెరికా దేశమున నెర్ఫ్ అను పేర వెలువడిన స్పంజి బంతి ఈ తరగతి బొమ్మలకు మార్గము చూపినది. బాణము గురి తప్పినపుడు “ఎందుకు తప్పినది?” అని బిడ్డ అడుగును. దానికి సమాధానము భౌతికశాస్త్రమున కలదు. తల్లిదండ్రులు దానిని ఇంట తెలుగుననే చెప్పగలుగుటకై ఈ వ్యాసము వ్రాయబడినది.

1. బయలుదేరుట: తుపాకిలోని స్ప్రింగును వెనుకకు లాగినపుడు మన చేతి శక్తి అందు నిలువ యుండును. మీట నొక్కగనే స్ప్రింగు విచ్చుకొని, సైకిలు పంపులో వలెనే గాలిని నొక్కును. ఆ గాలి పీడనము బాణమును గొట్టమునుండి వెలికి త్రోయును. సామాన్యముగా బాణము బరువు 1 గ్రాము. వేగము సెకనుకు 20 మీటర్ల ప్రాంతమున నుండును.

2. క్రిందికి వాలుట: గొట్టము వీడిన క్షణమునుండియే భూమ్యాకర్షణ బాణమును క్రిందికి లాగును. గాలి లేదనుకొన్నచో, 5 మీటర్లు పోవుటకు పావు సెకను పట్టును. ఆలోగా బాణము సుమారు 30 సెంటీమీటర్లు దిగును. 2.5 మీటర్లకైనచో 8 సెంటీమీటర్లకు మించి దిగదు. అనగా దూరము రెట్టింపైన, దిగుడు నాలుగింతలగును. కావున దూరపు గురికి తుపాకిని కొంచెము పైకెత్తి పట్టవలెను.

3. గాలి నిరోధము: వేగము రెట్టింపైన నిరోధము నాలుగింతలగును. బయలుదేరునపుడు ఈ బాణముపై గాలి నిరోధము దాని బరువునకు సుమారు రెండింతలుండును. అంతే లావుగల ఇనుపగుండు 9 గ్రాములు తూగును గనుక గాలి దానిని అంతగా ఆపజాలదు. మన బాణమో, 5 మీటర్లు పోవునప్పటికే సెకనుకు 15 మీటర్ల వేగమునకు తగ్గును. దిగుడు 40 సెంటీమీటర్లకు చేరువగును.

4. తల బరువు: బాణమును వ్రేలిపై అడ్డముగా నిలిపి చూడుడు. తూకము కుదురు చోటు, అనగా గరిమనాభి, నడుమ గాక రబ్బరు తలవైపున నుండును. గాలి త్రోపు దానికి వెనుకగా పనిచేయుటచే తోక వెనుకనే నిలిచి, బాణము తిన్నగా సాగును. విలుకాని బాణమునకు ఈకలు కట్టుటయు నిందులకే. తోకను ముందుంచి విసరినచో బాణము పల్టీలు కొట్టును.

5. తాకుట: క్రికెట్టు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు లాగుకొనును. ఆగుటకు పట్టు కాలము పెరిగినకొలది దెబ్బ తగ్గును. మెత్తని తల నలుగుటచే బాణపు దెబ్బయు నట్లే తగ్గును.

అయినను కన్ను సుకుమారమైనది. స్పంజి బాణములు తగిలి కంటిలోపల రక్తస్రావమైన ముగ్గురిని గూర్చి 2017లో లండను నేత్రవైద్యులు ప్రకటించిరి. వారిలో నొకడు పదునొకండేండ్ల బాలుడు. కావున ముఖమునకు గురిపెట్టనీయరాదు. ఆడునపుడు రక్షణ కండ్లద్దములు ధరింపజేయవలెను. బరువు కొరకై బాణమున మేకుగాని గుండుసూదిగాని గ్రుచ్చనీయరాదు. అట్లు చేసినచో మెత్తదనము వలని రక్షణ నశించును.

ఇంట చేయదగిన ప్రయోగమొకటి కలదు. తుపాకిని బల్లపై సమతలముగా నుంచి, గొట్టము ఎత్తున గోడపై సుద్దగీత గీయుడు. 2.5 మీటర్లనుండి, పిదప 5 మీటర్లనుండి అయిదేసి మారులు పేల్చి, బాణము గీతకెంత దిగువ తాకినదో కొలిచి సగటు కట్టుడు. రెండవ సగటు మొదటిదానికి నాలుగింతలకు మించియుండుట చూడనగును. ఆ మించినదే గాలి చేసిన పని.

ఈ కొలతలను బిడ్డచేత తెలుగున వ్రాయింపుడు. పీడనము, నిరోధము, గరిమనాభి అను మాటలు తరగతిగదిలో మాత్రమే వినబడినచో పరీక్షతో మరపునకు వచ్చును. ఇంటి సంభాషణలో మెలగినచో బిడ్డకు సొంతమగును. అన్యభాషా ప్రాంతమున తెలుగు బడి చెప్పు చదువునకు ఇంటి తోడ్పాటు ఇట్లే లభింపవలెను.