నల్లమల పులులకూ ఒక అడ్మిషన్ రిజిస్టర్



ఈ నెల ఏడో తరగతి పిల్లలకు సైన్సూ లెక్కలూ కలిపి ఒక పాఠం చెప్పాం. పాఠం పులుల గురించి. మన మిడుతూరు నుంచి ఆత్మకూరు వైపు వెళ్తే, ఆ ఊరు దాటగానే నల్లమల మొదలవుతుంది. దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలో విస్తీర్ణంలో పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అదే. మన పిల్లలకు పులి అంటే పుస్తకంలో బొమ్మ కాదు, పొరుగున ఉన్న ప్రాణి. అందుకే ఇంట్లో మీరు కూడా పిల్లలతో దీని గురించి మాట్లాడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

స్ట్రెంత్ ఒక్కటే చాలదు

ఒక స్కూల్లో పోయిన జూన్‌లో 400 మంది పిల్లలు ఉన్నారు, ఈ జూన్‌లోనూ 400 మందే ఉన్నారు అనుకుందాం. ఏడాదిలో ఏ మార్పూ జరగలేదని చెప్పగలమా? చెప్పలేం. 60 మంది టీసీ తీసుకుని వెళ్లిపోయి ఉండవచ్చు, 60 మంది కొత్తగా చేరి ఉండవచ్చు. అసలు సంగతి తెలియాలంటే స్ట్రెంత్ చూస్తే సరిపోదు. అడ్మిషన్ రిజిస్టర్ తెరవాలి. ఎవరు చేరారు, ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నది అందులోనే ఉంటుంది.

పులుల విషయం కూడా ఇంతే. దేశమంతటా నాలుగేళ్లకు ఒకసారి పులుల అంచనా వేస్తారు. 2006లో దేశంలో 1,411 పులులు ఉన్నాయని తేలింది. 2022 అంచనాలో ఆ సంఖ్య 3,682. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 ఉంటే, 2022లో 63 అయ్యాయి. తేడా 15. అయితే నాలుగేళ్లలో 15 కూనలు మాత్రమే పుట్టాయని దీని అర్థం కాదు. ఎన్నో పుట్టి ఉంటాయి, కొన్ని చనిపోయి ఉంటాయి, కొన్ని వేరే అడవికి వెళ్లి ఉంటాయి, కొన్ని బయటి నుంచి వచ్చి ఉంటాయి. ఇవన్నీ పోగా మిగిలిన తేడా అది. ఇంకో సంగతి: ఏడాది నిండని కూనలను ఈ అంచనాలో కలపరు. కూనల్లో దాదాపు సగం పెద్దవి కాకముందే చనిపోతాయి కాబట్టి, వాటిని కలిపితే సంఖ్య ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పులిని గుర్తుపట్టడం ఎలా?

రిజిస్టర్ రాయాలంటే ముందు ఎవరు ఎవరో తెలియాలి. మన వేలిముద్రల్లాగే ప్రతి పులికీ దాని చారలు వేరు. ఎడమ పక్క చారలు ఒక రకంగా, కుడి పక్క మరో రకంగా ఉంటాయి. అందుకే పులి నడిచే దారికి రెండు వైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఒంటి వేడి ఉన్న జంతువు ముందు నుంచి కదిలితే చాలు, కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది. 2018 అంచనా కోసం దేశవ్యాప్తంగా 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలు పెట్టారు. అది గిన్నిస్ రికార్డుల్లో కూడా చేరింది.

అంతకు ముందు అడుగుజాడలను చూసి లెక్కపెట్టేవారు. తడి మట్టిలో ఒకలా, ఇసుకలో మరోలా పడే అడుగుజాడతో ఒకే పులిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంటుంది. లేని పులి కాగితం మీద బతికే ఉంటుంది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో జరిగింది ఇదే. కాగితాల మీద పులులు ఉన్నాయి. 2005లో వెతికితే ఒక్కటీ లేదు, వేటగాళ్లు అన్నింటినీ చంపేశారు. చావులను ఎప్పటికప్పుడు రాసుకోకపోతే ఎంత నష్టం జరుగుతుందో దేశానికి తెలిసింది అప్పుడే.

పుట్టుక ఎలా తెలుస్తుంది?

ఆడపులి దాదాపు మూడున్నర నెలలు కూనలను మోస్తుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు కూనలను కంటుంది. మొదటి రెండు నెలలు వాటిని రాళ్ల సందుల్లో, గుబురు పొదల్లో దాస్తుంది. ప్రమాదం అనిపిస్తే నోట కరుచుకుని మరో చోటికి మారుస్తుంది. అందువల్ల పుట్టిన రోజు ఎవరికీ కనిపించదు. ముందు ఫొటోలో తల్లికి పాలు దిగినట్టు కనిపిస్తుంది. తర్వాత పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు కనిపిస్తాయి. చివరికి ఒక రాత్రి తల్లి వెనకే నడుస్తున్న కూనలు కెమెరాకు చిక్కుతాయి. పుట్టినప్పుడు ఉన్న చారలే చివరిదాకా ఉంటాయి కాబట్టి, కూనగా ఫొటో దొరికిన పులిని పెద్దయ్యాక కూడా గుర్తుపట్టవచ్చు.

చావు ఎలా తెలుస్తుంది?

ఇది ఇంకా కష్టం. ఏటా కెమెరాకు కనిపించే పులి ఒక ఏడాది కనిపించలేదు. చనిపోయిందా, వేరే చోటికి వెళ్లిందా? వెంటనే చెప్పలేం. పొరుగు అడవుల ఫొటోలతో పోల్చి చూడాలి. ఎక్కడైనా పులి చర్మం పట్టుబడితే దాని చారలను కూడా పాత ఫొటోలతో పోల్చి, అది ఏ అడవి పులో తేలుస్తారు.

కళేబరం దొరికితే దానికి కచ్చితమైన పద్ధతి ఉంది. వేరే కారణం రుజువయ్యేదాకా ప్రతి పులి చావునూ వేటగానే భావించి విచారణ చేయాలన్నది జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమం. పోస్టుమార్టం చేసి, నమూనాలు ల్యాబ్‌కు పంపి, గోరు కూడా బయటికి పోకుండా కళేబరాన్ని కాల్చేస్తారు.

ఒక ఆడపులి చావును ఒకటిగా లెక్కపెడితే సరిపోదు. పిల్లలతో ఈ లెక్క చేయించాం. ఒక ఆడపులి జీవితంలో మూడుసార్లు ఈనిందనుకుందాం, ఈతకు మూడు కూనలు. మొత్తం తొమ్మిది. సగం బతికినా నాలుగైదు. అంటే ఒక ఉచ్చుకు ఒక ఆడపులి బలైతే అడవికి పోయేది ఒక పులి కాదు, ఐదారు పులులు.

పెద్దగుమ్మడాపురం కూనలు

2023 మార్చిలో మన జిల్లాలోనే, కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు కనిపించిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గ్రామస్థులు వాటికి హాని జరగకుండా కాపాడి అటవీ శాఖకు అప్పగించారు. తల్లిని టీ-108గా గుర్తించారు. దానికి ఒక నంబరు ఉందంటే అది అప్పటికే రిజిస్టర్‌లో ఉందన్నమాట. కూనలను తల్లి దగ్గరికి చేర్చాలని సిబ్బంది రోజుల తరబడి అడవిలో ప్రయత్నించారు. తల్లి దొరకలేదు. కూనలను తిరుపతి జూకు తరలించారు.

పిల్లలను ఒక ప్రశ్న అడిగాం: ఈ నాలుగు కూనలను నల్లమల రిజిస్టర్‌లో ఏ కాలమ్‌లో రాయాలి? పుట్టాయి కాబట్టి పుట్టుకల్లో రాయాలి. అడవిలో చనిపోలేదు కాబట్టి అడవి చావుల్లో రాయకూడదు. కానీ అడవిలో లేవు. ఇవి టీసీ తీసుకున్న పిల్లల్లాంటివి. ప్రాణాలతో అడవి దాటినా అడవికి మాత్రం నాలుగు తగ్గినట్టే. కూనలను కాపాడటం ఒక పని, వాటిని తల్లి దగ్గర ఉండనివ్వడం అంతకన్నా పెద్ద పని అని పిల్లలకు అర్థమైంది.

రిజిస్టర్ ఏం మేలు చేస్తుంది?

స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఐబీరియన్ లింక్స్ అనే అడవి పిల్లి ఉంది. 2002 ప్రాంతంలో అవి వందకు తక్కువే మిగిలాయి. అక్కడ ఏటా ఈనే ఆడవాటినీ కూనలనూ లెక్కపెడతారు, చావులకు కారణం రాస్తారు. అలా రాయడం వల్ల చాలా చావులు రోడ్ల మీద వాహనాల కింద జరుగుతున్నాయని తెలిసింది. జంతువులు దాటడానికి రోడ్ల కింద దారులు కట్టారు. తగ్గిపోయిన కుందేళ్లను పెంచారు. సంరక్షణలో పెంచినవాటిని అడవిలో వదిలారు. 2023 నాటికి కూనలతో కలిపి వాటి సంఖ్య 2,000 దాటింది. ఎంత మిగిలాయో తెలిస్తే బాధపడగలం. ఎక్కడ, ఎందుకు పోతున్నాయో తెలిస్తేనే ఆపగలం.

ఇంట్లో చేయించండి: శనగల లెక్క

ఒక గిన్నెలో లెక్కపెట్టకుండా శనగలు పోయండి. అందులో 40 తీసి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించండి. మళ్లీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా 50 తీయమనండి. వాటిలో 10 చుక్క శనగలు వస్తే, తీసినవాటిలో ఐదో వంతు చుక్కవి. అంటే గిన్నె మొత్తంలో 40 ఐదో వంతు. మొత్తం సుమారు 200. కనిపించని పులులను అంచనా వేయడం వెనక ఉన్న లెక్క మొదలయ్యేది ఇక్కడే.

తర్వాత మొత్తం శనగలను లెక్కపెట్టి, అంచనా ఎంత దగ్గరగా వచ్చిందో చూడమనండి. ఇప్పుడు పిల్లలు చూడకుండా చుక్కవి కొన్ని, చుక్క లేనివి కొన్ని తీసేసి, అన్నే కొత్తవి వేయండి. మళ్లీ లెక్కపెడితే మొత్తం మారదు. “ఏం జరిగింది?” అని అడగండి. మొత్తం చూస్తే ఏమీ తెలియదు. చుక్కవి మాత్రమే లెక్కపెడితే, 40కి ఎన్ని తగ్గాయో తెలిసిపోతుంది. చారల ఫొటోలు చేసే పని అదే.

మన వంతు

అడవి అంచున పొలాలు, బంధువులు ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మీకు మూడు మనవులు.

- అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ గానీ ఉచ్చు గానీ పెట్టవద్దు, పెట్టేవారికి నచ్చజెప్పండి. తీగకు పందికీ పులికీ తేడా తెలియదు, మనిషికీ తెలియదు.
- పులి పశువును చంపితే కళేబరానికి మందు పెట్టకుండా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. నష్టపరిహారం అడిగే హక్కు మీకుంది.
- కూనలు కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫొటోల కోసం గుంపుగా చేరవద్దు. తల్లి దగ్గరలోనే ఉండవచ్చు, మన అలికిడికి రాకుండా ఆగిపోవచ్చు. వెంటనే దూరంగా వచ్చి అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.

శనగల లెక్క చేసిన పిల్లలు తమ అంచనానూ అసలు లెక్కనూ పక్కపక్కనే నోట్‌బుక్‌లో రాసి సోమవారం తీసుకురావాలి. తేడా ఎందుకు వచ్చిందో మీరు కూడా వారితో కూర్చుని ఆలోచించండి. ఆ మాటల్లో నల్లమల గురించి మీ పెద్దలు చెప్పిన సంగతులు కూడా వస్తే, వాటినీ రాసి పంపండి. తరగతిలో చదివిస్తాం.