ఒకచోట పునరుద్ధరణ, మరొకచోట తొలగింపు: లేక్ ట్రౌట్ అనుభవం

పరిచయం

సాల్మన్ కుటుంబంలోని సాల్వెలినస్ ప్రజాతికి చెందిన చేపలను చార్ చేపలు అంటారు. ఇవి ఉత్తరార్ధగోళంలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉండే చల్లని నీటిలో జీవిస్తాయి. సాల్మన్, ట్రౌట్ చేపలకు సాధారణంగా లేత రంగు శరీరంపై ముదురు మచ్చలు ఉండగా, చార్ చేపలకు ముదురు రంగు శరీరంపై లేత మచ్చలు ఉంటాయి. ఆర్కిటిక్ చార్, బ్రూక్ ట్రౌట్, బుల్ ట్రౌట్, లేక్ ట్రౌట్ ఈ ప్రజాతిలోని ముఖ్యమైన జాతులు. పేరులో ట్రౌట్ అని ఉన్నప్పటికీ చివరి మూడూ చార్ చేపలే. ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో లేక్ ట్రౌట్‌ను దశాబ్దాలుగా పునరుద్ధరిస్తున్నారు. అదే చేపను ఎల్లోస్టోన్ సరస్సు నుండి అంతే పట్టుదలతో తొలగిస్తున్నారు. ఈ వైరుధ్యానికి గల కారణాలు మత్స్య విస్తరణలో పనిచేసేవారికి ఉపయోగపడతాయి.

జీవన లక్షణాలు

లేక్ ట్రౌట్ లోతైన సరస్సులలో, సుమారు 10 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల నీటిని ఇష్టపడుతుంది. ఇతర చేపలను తిని పెద్ద పరిమాణానికి పెరుగుతుంది. దీర్ఘకాలం జీవించినప్పటికీ, ప్రత్యుత్పత్తి దశకు చేరడానికి సాధారణంగా 6 సంవత్సరాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎక్కువగా సరస్సులోనే, రాళ్ల సందులలో, శరదృతువులో గుడ్లు పెడుతుంది. ఆలస్యంగా పక్వతకు రావడం, లోతు నీటిని విడువకపోవడం అనే రెండు లక్షణాలే పై రెండు ప్రాంతాలలోని ఫలితాలను నిర్ణయించాయి.

మహా సరస్సులలో క్షీణత, పునరుద్ధరణ

దవడలు లేని, ఇతర చేపలకు అతుక్కొని రక్తాన్ని పీల్చే సీ లాంప్రే పై సరస్సులకు చేరకుండా నయాగరా జలపాతం అడ్డుగా ఉండేది. వెలాండ్ కాలువ ద్వారా ఆ అడ్డు తొలగిపోయింది. 1921లో ఈరీ సరస్సులో కనిపించిన లాంప్రే, 1938 నాటికి సుపీరియర్ సరస్సు వరకు వ్యాపించింది. అప్పటికే అధిక వేటకు గురైన లేక్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే మరణించసాగాయి. 1950ల మధ్యకు మిచిగాన్ సరస్సులో ఈ జాతి అంతరించింది.

వేలాది రసాయనాలను పరీక్షించిన తరువాత, వాగుల అడుగున బురదలో పెరిగే లాంప్రే డింభకాలను చంపగల టి.ఎఫ్.ఎం. అనే మందును 1958 నుండి ఉపయోగించారు. లాంప్రే నియంత్రణతో పాటు లేక్ ట్రౌట్ పిల్లలను కూడా వదిలారు. స్థానిక చేపలు కొంతమేర మిగిలి ఉన్న సుపీరియర్ సరస్సులో సహజ ప్రత్యుత్పత్తి తిరిగి నెలకొన్నది. మిచిగాన్, హ్యూరన్ సరస్సులలో మాత్రం వదిలిన పిల్లలు పెరిగి పెద్దవైనా, వాటి సంతానం చాలాకాలం నిలవలేదు. బయటి నుండి ప్రవేశించిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప లేక్ ట్రౌట్ పిల్లలను తినేది. అంతేకాక ఏల్‌వైఫ్‌లో ఉండే థయామినేజ్ అనే ఎంజైము విటమిన్ బి1ను నశింపజేస్తుంది. దానిని తిన్న తల్లి చేపల గుడ్లలో ఈ విటమిన్ లోపించి, పిల్లలు తొలిదశలోనే మరణించేవి. 2003-04 కాలంలో హ్యూరన్ సరస్సులో ఏల్‌వైఫ్ సంఖ్య కుప్పకూలిన తరువాత అక్కడ సహజంగా పుట్టిన లేక్ ట్రౌట్ పిల్లలు పెరిగాయి.

ఎల్లోస్టోన్‌లో నష్టం

1890లో మిచిగాన్ సరస్సు నుండి తెచ్చిన లేక్ ట్రౌట్‌ను ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో చేపలు లేని లూయిస్ సరస్సులో వదిలారు. 1994లో ఈ చేప సమీపంలోని ఎల్లోస్టోన్ సరస్సులో బయటపడింది. అక్కడి స్థానిక కట్‌త్రోట్ ట్రౌట్ దీనికి ఆహారమైంది. పెద్ద లేక్ ట్రౌట్ ఒకటి ఏడాదికి సుమారు 40 కట్‌త్రోట్ చేపలను తింటుందని అంచనా. గుడ్లు పెట్టడానికి క్లియర్ క్రీక్ వాగులోకి వచ్చే కట్‌త్రోట్ చేపలు 1978లో సుమారు 70,000 ఉండగా, 2007లో వెయ్యి కూడా లేవు. కరువు, వర్లింగ్ వ్యాధి కూడా ఈ క్షీణతకు తోడ్పడ్డాయి.

నష్టం ఒక్క చేపతో ఆగలేదు. కట్‌త్రోట్ వాగులలోకి, నీటి పైభాగానికి వస్తుంది కాబట్టి ఎలుగుబంట్లు, నీటికుక్కలు, చేపలను తినే డేగలు దానిపై ఆధారపడేవి. లోతులలో ఉండే లేక్ ట్రౌట్ వాటికి అందదు. అందువలన ఒక చేప స్థానాన్ని మరొక చేప ఆక్రమించినా ఆహారపు గొలుసు తెగిపోయింది. గిల్ వలలతో ఇప్పటివరకు 40 లక్షలకు పైగా లేక్ ట్రౌట్‌ను తొలగించారు. గుడ్లు ఉన్న రాతి ప్రదేశాలపై సేంద్రియ గుళికలు చల్లి, అవి కుళ్లేటప్పుడు ప్రాణవాయువు తగ్గేలా చేసి గుడ్లను నశింపజేసే పద్ధతిని కూడా అనుసరిస్తున్నారు. కట్‌త్రోట్ సంఖ్య కొంత కోలుకున్నప్పటికీ వల వేయడం ఆపే వీలు లేదు.

ముగింపు

ఒక చేప మేలైనదా, హానికరమైనదా అన్నది దాని జాతిని బట్టి కాక, అది ఉన్న నీటిని బట్టి తేలుతుంది. క్షీణతకు కారణం తొలగకుండా పిల్లలను వదిలితే చేపలు కనిపిస్తాయి గాని సంతతి నిలవదు. కొత్త జాతిని ప్రవేశపెట్టే ముందు అది దేనిని తింటుంది, దానిని ఏది తింటుంది, పొరుగు నీటికి చేరకుండా ఆపగలమా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. 1890లో ఒక్కసారి చేసిన విడుదలకు ఎల్లోస్టోన్‌లో నేటికీ ఏటేటా మూల్యం చెల్లించవలసి వస్తున్నది. జలాశయాలలో చేప పిల్లల విడుదలకు సలహా ఇచ్చేవారు ఎన్ని వదిలామన్న లెక్కతో పాటు, వాటి సంతానం ఎంత నిలిచింది, స్థానిక చేపలు ఏమయ్యాయి అన్న లెక్కను కూడా నమోదు చేయడం అవసరం.