దయ్యం ప్రశ్న, మనిషి జవాబు: బేతాళ కథను బొమ్మల్లో చదువుదాం



డిటెక్టివ్ కథలో ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఈ పని ఎవరు చేశారు? దయ్యాల కథలో ప్రశ్న వేరు: అక్కడ నిజంగా ఏదైనా ఉందా? ఈ రెండు ప్రశ్నలూ ఒకే కథలో వస్తే చదివేవాళ్లకి భయమూ ఉంటుంది, బుర్రకి పనీ ఉంటుంది. ఆ కథని బొమ్మల్లో చెబితే కంటికి కూడా పని పడుతుంది. అలాంటి కథను ఎలా చదవాలో, ఎలా గీయాలో ఈ పాఠంలో చూద్దాం.

రెండు కథలు ఒక్కటైతే

ఇటలీలో 1986లో 'డిలన్ డాగ్' అనే బొమ్మల కథల పత్రిక మొదలైంది. టిజియానో స్క్లావి దాన్ని సృష్టించాడు. అందులో హీరో లండన్‌లో ఉండే డిటెక్టివ్. దొంగతనాల కేసులు కాదు, పీడకలల కేసులు తీసుకుంటాడు. అమెరికాలో 1990లలో మైక్ మిన్యోలా గీసిన 'హెల్‌బాయ్' కూడా దయ్యాల గుట్టు విప్పే కథే. ఇవి పెద్దవాళ్ల కోసం గీసినవి, మీరు పెద్దయ్యాక చదువుకోవచ్చు. ఇలా ఒక పెద్ద కథని బొమ్మల వరసలో చెప్పే పుస్తకాన్ని ఇప్పుడు గ్రాఫిక్ నవల అంటున్నారు. 1978లో విల్ ఐస్నర్ అనే అమెరికన్ చిత్రకారుడి పుస్తకం వచ్చాక ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది.

అయితే, దయ్యం ఒక కేసు చెప్పడం, మనిషి దాన్ని విప్పడం అనేది మనకి కొత్త కాదు. మీ అమ్మమ్మనో తాతయ్యనో "చందమామలో మీకు ఏ కథ ఇష్టం?" అని అడిగి చూడండి. చాలామంది బేతాళ కథ పేరే చెబుతారు.

మన బేతాళుడు ఎక్కడి నుంచి వచ్చాడు?

గుణాఢ్యుడు అనే కవి శాతవాహన రాజు కొలువులో ఉండేవాడనీ, పైశాచీ భాషలో 'బృహత్కథ' రాశాడనీ చెబుతారు. ఆ మూల గ్రంథం మనకి దొరకలేదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు ఆ కథల పరంపరని సంస్కృతంలో 'కథాసరిత్సాగరం'గా రాశాడు. బేతాళుడు చెప్పిన ఇరవై అయిదు కథలు అందులో ఉన్నాయి.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ' మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికలో పనిచేశారు. పాత కథలు ఇరవై అయిదూ ఎప్పుడో అయిపోయాయి. అయినా శీర్షిక ఆగలేదు. కొత్త కథ ఒకటి తీసుకుని, చివర చిక్కు ప్రశ్న ఒకటి చేర్చి, వందల కొద్దీ బేతాళ కథలు వేశారు.

వాటికి మనందరి కళ్లలో నిలిచిపోయిన బొమ్మ గీసినవారు శంకర్. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, వెనక్కి తిరగని రాజు. ఆయన 2020లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ప్రకటించింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. చందమామలో బేతాళ కథ 'బొమ్మలున్న కథ'. బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. 'బొమ్మల కథ' అలా కాదు. అందులో బొమ్మ తీసేస్తే కథే ఉండదు. తెలుగువారిలో బొమ్మల కథలకి పేరు తెచ్చినవారు బుజ్జాయి. ఆయన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారుడు. 1960లలో ఆయన గీసిన పంచతంత్రం 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో వచ్చి దేశమంతా చదివారు.

విషం ఎక్కడిది?

సోమదేవుడి కథల్లో ఒకదాన్ని మన కేసుగా తీసుకుందాం.

భార్యని పోగొట్టుకుని దేశాలు పట్టి తిరుగుతున్న ఒక బ్రాహ్మణుడు ఆకలితో ఒక ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ ఇంటి ఇల్లాలు జాలిపడి నెయ్యి, పంచదార వేసిన పాయసం గిన్నెడు ఇచ్చింది. అతను గిన్నెని చెరువు గట్టున మర్రిచెట్టు కింద పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లాడు. అంతలో ఒక డేగ పాముని తన్నుకొచ్చి ఆ చెట్టు మీద వాలింది. చస్తున్న పాము నోట్లోంచి విషం కారి గిన్నెలో పడింది. అతను అది చూడలేదు. వచ్చి తిన్నాడు. విషం తలకెక్కుతుంటే తూలుకుంటూ ఆ ఇంటికే వచ్చి "నీ అన్నం నా ప్రాణం తీసింది" అని ఇల్లాలితో చెప్పి పడిపోయాడు. అది విన్న ఆమె భర్త, "అతిథిని చంపావు" అని భార్యని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు.

ఇప్పుడు బేతాళుడి ప్రశ్న: ఈ చావు పాపం ఎవరిది? పాముదా, డేగదా, అన్నం పెట్టినవాళ్లదా? జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోయి, బేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతాడు. ఏం చేసినా రాజుకి నష్టమే. అయినా అతను ప్రతిసారీ నిజమే చెబుతాడు. పట్టువదలని విక్రమార్కుడు అని ఊరికే అనలేదు.

రాజు ఇలా ఆలోచించాడు. పాము శత్రువు గోళ్లలో చిక్కి ఉంది. అది కావాలని ఏమీ చేయలేదు. డేగకి పాము ఆహారం. ఆకలేసి తెచ్చుకుంది. ఆ ఇంటివాళ్లు ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారు. ఇందులో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి, ఏమీ ఆలోచించకుండా వీళ్లలో ఎవరినైనా దోషి అన్నవాడు ఉంటాడే, పాపం వాడిది.

చూశారా? డిటెక్టివ్ కథ అంటే చివర ఎవరో ఒకరు దొరికిపోవాలని అనుకుంటాం. ఇక్కడ దొరికిపోయింది తొందరపడి వేలు చూపినవాడు.

ఇంకొకటి గమనించండి. కథ చెప్పింది బేతాళుడు, ప్రశ్న వేసింది బేతాళుడు. కానీ జవాబులో మంత్రం లేదు, మాయ లేదు. డేగ ఏం తింటుంది, పాము ఎలా ఉంది, ఇల్లాలు ఎందుకు పెట్టింది అన్న సంగతులే ఉన్నాయి. దయ్యాల డిటెక్టివ్ కథ రాసేవాళ్లకి ఇదే మొదటి నియమం: ప్రశ్న దయ్యం అడగొచ్చు, జవాబు మాత్రం మనిషి ఆలోచించి చెప్పాలి. "అంతా దయ్యమే చేసింది" అని ముగిస్తే చదివినవాళ్లకి ఆలోచించే పని లేకుండా పోతుంది.

ఆరు గడుల్లో ఈ కేసు

దీన్ని ఒక పేజీలో గీయాలంటే ఇలా చేయవచ్చు.

1వ గడి: మండుటెండ. దారి. అలిసిన బాటసారి చిన్నగా, దూరంగా ఇల్లు.

2వ గడి: గుమ్మం. ఇల్లాలు రెండు చేతులతో గిన్నె అందిస్తోంది. ఆమె ముఖం స్పష్టంగా కనిపించాలి. మాటల బుడగలో రెండే మాటలు: "కడుపునిండా తినండి."

3వ గడి: చెరువు, మర్రిచెట్టు. చెట్టు కింద గిన్నె. బాటసారి వీపు మనవైపు ఉంది. పై మూలన కొమ్మ మీద డేగ, గోళ్లలో పాము. మాటలు లేవు.

4వ గడి: గిన్నె ఒక్కటే, పెద్దగా. పాయసం మీద ఒక చిన్న వలయం.

5వ గడి: ఇంటి ముందు బాటసారి పడి ఉన్నాడు. భర్త వేలు భార్యవైపు. చుట్టూ జనం.

6వ గడి: శ్మశానం. రాజు భుజం మీద నుంచి బేతాళుడు అడుగుతున్నాడు: "పాపం ఎవరిది?" రాజు పెదవులు ఇంకా మూసే ఉన్నాయి.

ఇందులో మూడు మెళకువలు ఉన్నాయి.

మొదటిది ఆధారం. డేగని దాచిపెట్టకూడదు. దాచితే చదివేవాళ్లని మోసం చేసినట్టు. అలాగని గడి నిండా గీయకూడదు, గుట్టు ముందే తెలిసిపోతుంది. మన చూపు ముందు మనిషి మీదికీ, మాటల మీదికీ పోతుంది. అందుకే డేగని మూలన పెట్టాం. రెండోసారి తిరగేసినప్పుడు "అరె, ఇది ఇక్కడే ఉందే!" అనిపించాలి.

రెండోది ఖాళీ. 4వ గడికీ 5వ గడికీ మధ్య ఒక మనిషి తిన్నాడు, నడిచాడు, పడిపోయాడు. మనం అది గీయలేదు. ఆ సన్నటి తెల్ల గీతలో జరిగినదంతా చదివేవాళ్లు తమ మనసులో గీసుకుంటారు.

మూడోది కోణం. 5వ గడిని జనం వైపు నుంచి గీస్తే ఇల్లాలు దోషిలా కనిపిస్తుంది. ఆమె వెనక నుంచి గీస్తే తన మీదికి లేచిన వేలు మనకి కనిపిస్తుంది. అదే సంఘటన, అవే మనుషులు. ఎక్కడ నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి తీర్పు మారిపోతుంది.

ఉర్లాలో అయితే?

ఇలాంటి కథకి పాత శ్మశానమే అక్కర్లేదు. మన ఉర్లా చాలు. రాయ్‌పూర్ పక్కన ఇనుము, ఉక్కు కార్ఖానాల ప్రాంతం ఇది. కొలిమి వెలుగుకి ఒక్కో రాత్రి ఆకాశం ఎర్రబడుతుంది. డాబా మీద ఆరేసిన బట్టల మీద పొద్దున్నకి నల్లటి పొడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఇదంతా ఏదో మాయలాగే ఉంటుంది. కారణం వెతికితే దొరుకుతుంది. బొమ్మల కథకి ఇంతకన్నా మంచి చోటు ఏది?

కానీ ఇక్కడ ఒక గంభీరమైన విషయం కూడా ఉంది. ఊళ్లో పిల్లవాడికి జ్వరం తగ్గకపోయినా, గేదె పాలివ్వకపోయినా ఎవరో ఒక ఆడమనిషిని 'టోనహీ' అనడం ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో జరుగుతూ వచ్చింది. మన తెలుగు ఊళ్లలో చేతబడి, చిల్లంగి, బాణామతి అనే మాటలు ఇలాంటివే. ఎక్కువగా ఆ వేలు ఒంటరిగా ఉన్న పేద ఆడవాళ్ల మీదికే లేస్తుంది. వాళ్లని కొట్టారు, ఊరు వెళ్లగొట్టారు, చంపిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో దీనికోసమే ఒక చట్టం చేసింది. ఎవరినైనా టోనహీ అని ముద్ర వేయడం, ఆ పేరుతో హింసించడం ఈ రాష్ట్రంలో జైలుశిక్ష పడే నేరాలు.

ఆ చట్టాన్నీ విక్రమార్కుడి జవాబునీ పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ వేలు చూపినవాడినే నిలదీస్తున్నాయి.

మీకు ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మీరు కొత్త క్లాసులో కూర్చుంటారు. కొత్తవాళ్ల కళ్లు చురుగ్గా ఉంటాయి. పాతవాళ్లకి అలవాటైపోయినవి మీకు కనిపిస్తాయి. అది డిటెక్టివ్‌కి ఉండాల్సిన గుణమే. కానీ క్లాసులో జామెట్రీ బాక్సు పోతే అందరి చూపూ ముందు కొత్తగా వచ్చినవాళ్ల మీదికే పోతుంది. ఆ చూపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు రేపు ఇంకొకరి మీదికి వేలు ఎత్తే ముందు చెట్టు మీదికి ఒకసారి చూస్తారు.

ఇప్పుడు మీరు చేయండి

తెలుగు ఇంట్లో మాట్లాడతాం గానీ రాయడం రాదు అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. స్కూలు మారిన ప్రతిసారీ పక్కన ఉన్న భాష మారుతుంటే అలాగే అవుతుంది. బొమ్మల కథ వాళ్లకి మంచి దారి. ఒక్కో బుడగకి మూడు నాలుగు మాటలు చాలు. ఆరు గడులు పూర్తయ్యేసరికి ఇరవై మాటలు మీ చేత్తో రాసి ఉంటారు.

1. పైన చెప్పిన ఆరు గడులూ ఒక కాగితం మీద గీయండి. 5వ గడిని ఇల్లాలి వెనక నుంచి గీయండి.

2. పాము, డేగ, ఇల్లాలు, భర్త: ఈ నలుగురి తరఫునా ఒక్కో వాక్యం రాయండి. తర్వాత చెప్పండి, రాజు జవాబు మీకు నచ్చిందా? భర్త తప్పు వేరే లెక్కలోకి వస్తుందా?

3. ఉర్లాలో వింతగా అనిపించే ఒక విషయం తీసుకోండి. మొదటి మూడు గడుల్లో అది దయ్యంలా కనిపించాలి. చివరి మూడు గడుల్లో అసలు కారణం తెలియాలి. ఆధారం మాత్రం రెండో గడిలోనే ఉండాలి.

4. ఫోన్‌లో తాతయ్యనో అమ్మమ్మనో వాళ్ల ఊరి దయ్యం కథ ఒకటి చెప్పమనండి. "అది ఎవరు చూశారు? ఎక్కడ నిలబడి చూశారు? అప్పుడు వెలుతురు ఉందా?" అని మర్యాదగా అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని, పక్కన ఒక బొమ్మ గీసి తీసుకురండి.