ఆట యిటుకలతో రైలు నమూనాలు

బాలబాలికలు ఆట యిటుకలతో ఇండ్లను, బండ్లను, వంతెనలను కట్టుట మనమందరము చూచుచున్నాము. చూచినవారు “ఇది రైలు” అని గుర్తుపట్టినచో ఆటకు అది చాలును. నమూనా యనిపించుకొనుటకు చాలదు. ఇంజను పొడవు ఏ లెక్కన తగ్గినదో చక్రముల ఎత్తును ఆ లెక్కననే తగ్గవలెను. స్టేషను తలుపును, ప్లాటుఫారమును, దానిపై నిలిచిన మనిషియు ఆ లెక్కకే లోబడవలెను. గణితములో మనము చదువుకొను నిష్పత్తి ఇదియే. ఆ పాఠమును చేతులతో ఎట్లు నేర్చుకొనవచ్చునో ఇచట వివరింతుము.

మొదట ఇటుకను తెలిసికొందము. డెన్మార్కు దేశమందలి బిల్లుండ్‌లో నెలకొన్న లెగో సంస్థవారు నేటి రూపము గల ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరిరి. పైన బొడిపెలు, లోపల గొట్టములు ఉండుటచేత ఒక ఇటుక మరియొకదానిని గట్టిగా పట్టుకొనును. 1966లో ఆ సంస్థ రైలు పట్టాలను, బండ్లను కూడ ప్రవేశపెట్టెను. ఒక బొడిపె నడిమి నుండి ప్రక్క బొడిపె నడిమికి 8 మి.మీ. దూరముండును. ఇటుక ఎత్తు 9.6 మి.మీ.; పలుచని పలక ఎత్తు 3.2 మి.మీ. కావున మూడు పలకలు ఒక ఇటుకకు సమానము. ఈ కొలతలు కంఠస్థమైనచో సగము పని యైనట్లే.

ఇక నిష్పత్తిని నిర్ణయింపవలెను. దీనికి పట్టాలే ఆధారము. మన దేశపు బ్రాడ్ గేజిలో రెండు పట్టాల నడుమ దూరము 1676 మి.మీ., అనగా అయిదడుగుల ఆరంగుళములు. ఆట పట్టాల నడుమ దూరము సుమారు 37.5 మి.మీ. మొదటి దానిని రెండవ దానిచే భాగింపగా 44.7 వచ్చును. లెక్క సులభమగుటకు 45 అని గ్రహింతము. అనగా నమూనాలోని 1 మి.మీ. నిజములో 45 మి.మీ.కు గుర్తు. అప్పుడు ఒక బొడిపె 360 మి.మీ., ఒక ఇటుక ఎత్తు 432 మి.మీ., ఒక పలక ఎత్తు 144 మి.మీ. అగును. ఈ మూడు సంఖ్యలను నోటుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనవలెను.

ఒక రైలు పెట్టెను కట్టి చూతము. మద్రాసు పెరంబూరులో 1955లో నెలకొన్న ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీవారి పెట్టె వెడల్పు 3245 మి.మీ. దీనిని 360చే భాగింపగా ఇంచుమించు 9 బొడిపెలు వచ్చును. పట్టా నుండి కప్పు వరకు ఎత్తు 4025 మి.మీ.; 144చే భాగింపగా 28 పలకలు. పొడవు 21,337 మి.మీ.; ఇది 59 బొడిపెలకు కొంచెము ఎక్కువ. వెడల్పు 9 అని బేసి సంఖ్య వచ్చినందున నడిమి గీత బొడిపెల నడుమ గాక ఒక బొడిపె మీదనే పడును. సరి సంఖ్యకై వెడల్పును 8కి తగ్గించినచో నిజములో 360 మి.మీ. పోవును; పెట్టె సన్నబడి ఒంటెద్దు బండివలె కనిపించును. కావున బేసిని అంగీకరించుటయే మేలు.

ఇంజను కట్టుట ఇంతకంటె కష్టము. డబ్ల్యు.పి. తరగతి ఆవిరియింజను 1947లో మన దేశమునకు వచ్చినది. మొదటి 16 ఇంజనులను అమెరికాలోని బాల్డ్విన్ సంస్థ నిర్మించెను. దానికి ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ ఆరు పెద్ద చక్రములు, వెనుక రెండు చక్రములు ఉండెను. పెద్ద చక్రపు వ్యాసము అయిదడుగుల ఏడంగుళములు, అనగా 1702 మి.మీ. మన లెక్కలో అది 38 మి.మీ. కావలెను. ఆట పెట్టెలలో వచ్చు పెద్ద రైలుచక్రము సుమారు 30 మి.మీ. మాత్రమే. దానిని వాడినచో ఇంజను పొట్టికాళ్లతో నడచినట్లుండును. అందుచేత నమూనాకారులు తగిన చక్రమును వేరుగా సంపాదింతురు.

చక్రములు కుదిరినను మలుపు వచ్చిన చోట మరియొక చిక్కు కలదు. ఆట పట్టాల మలుపునకు వ్యాసార్ధము 320 మి.మీ.; నిజములో అది 14.4 మీటర్లకు సమానము. బ్రాడ్ గేజి మీద అసలు రైలుకు కనీసము 175 మీటర్ల వ్యాసార్ధము విధింపబడినది. అంతటి మలుపును నమూనాలో వేయుటకు 3.9 మీటర్ల వ్యాసార్ధము కావలెను. అది మన తరగతి గదిలో పట్టదు. కావున మలుపును బిగించి, ఇంజనును దానికి తగినట్లు మార్చుదురు. ఆరు పెద్ద చక్రములలో నడిమి జంటకు పట్టాను ఒరసికొను అంచు లేకుండ చేయుదురు; చిన్న చక్రముల బండిని ఇరువైపుల తిరుగునట్లు అమర్చుదురు. అప్పుడు ఇంజను పట్టా తప్పక సాగును.

స్టేషను కట్టడమునకు ఈ బాధ లేదు గాని కొలిచి తెచ్చుట మన పని. స్టేషను మాస్టరుగారి అనుమతి లేనిదే కొలవరాదు; పట్టాల మీదికి ఎన్నడును దిగరాదు. పెద్దలు తోడుండవలెను. గోడ పొడవును టేపుతో కొలువవచ్చును. ఎత్తునకు నీడ ఉపాయము కలదు. ఒక మీటరు కఱ్ఱ నీడ 80 సెం.మీ. ఉన్న వేళ కట్టడపు నీడ 4 మీటర్లున్నచో దాని ఎత్తు 5 మీటర్లు. 144చే భాగింపగా 35 పలకలు. ఏడడుగుల తలుపునకు 5 ఇటుకల ఎత్తు చాలును. ప్లాటుఫారము పట్టాకంటె 760 మొదలు 840 మి.మీ. వరకు ఎత్తుండును. అయిదు పలకలు 720 అగును, ఆరు పలకలు 864 అగును. ఏదియు సరిగా కుదరదు. ఆరింట తేడా తక్కువ గనుక ఆరు గ్రహింపవలెను. ఇక ప్లాటుఫారముపై నిలుపు ఆటబొమ్మ 40 మి.మీ. ఎత్తుండును, నిజములో 1800 మి.మీ. గల పొడగరి. కాని దాని భుజముల వెడల్పు 720 మి.మీ. అగును! అంతటి భుజములు ఏ పహిల్వానుకును ఉండవు.

ఇట్లు ప్రతి నమూనాలోను కొన్ని కొలతలు నిలుచును, కొన్ని తప్పును. తప్పుట దోషము కాదు. తప్పిన చోటును దాచుట దోషము. కావున నమూనా ప్రక్కన ఒక చీటీ ఉంచవలెనని మా సూచన. నిష్పత్తి యెంత, ఏ కొలత సరియైనది, దేనిని ఎంత మార్చితిమి, ఎందుకు మార్చితిమి అను నాలుగు విషయములు అందులో ఉండవలెను. ఆ చీటీ ఉన్నచో ఆటవస్తువు సాక్ష్యపత్రమగును.

ఈ సాక్ష్యము మన ప్రాంతమునకు ఎంత అవసరమో చూడుడు. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో 762 మి.మీ. గేజిగల చిన్న రైలుదారి పడినది. తరువాత అది గుణుపురము వరకు సాగినది. 2004లో చిన్న రైలు నిలిచిపోయెను. 2011లో బ్రాడ్ గేజి గుణుపురము చేరెను. పెద్ద రైలు మనకు మేలే చేసినది. అయినను చిన్న రైలెక్కిన తాతలు, అమ్మమ్మలు మన ఇండ్లలో ఉన్నారు. దానిని చూడని పిల్లలు మన తరగతులలో ఉన్నారు. పెద్దలు దాని కూతను, నడకను, కిటికీని చెప్పగలరు గాని కొలతలు చెప్పలేరు. నిలిచియుండగా కొలిచినదే పోయిన తరువాత మరల కట్టుటకు వీలగును. ఊరిలో పాత కట్టడమేదైన మిగిలియున్నచో దానిని నేడే కొలిచి, పేర్లను మన తెలుగులో వ్రాసి ఉంచుడు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఇటుకలు ఖరీదైనవి. కొనితీరవలెనని మేము చెప్పము. గ్రాఫు కాగితముపై నమూనాను దాని పరిమాణములోనే గీసి, అట్టతో గాని చెక్కముక్కలతో గాని కట్టినను లెక్క మారదు. పదిమంది పిల్లలు తమ ఇటుకలను ఒకచోట చేర్చినచో ఒక చిన్న స్టేషను లేచును. బిడ్డ లెక్క వేయుచుండగా జవాబు చెప్పక, టేపు రెండవ కొనను పట్టుకొనుడు.

అభ్యాసము

1. స్టేషను గోడ పొడవు 5.4 మీటర్లు, ఎత్తు 3.6 మీటర్లు. 1:45 నమూనాలో ఎన్ని బొడిపెలు, ఎన్ని పలకలు కావలెను?

2. 762 మి.మీ. గేజిని 1:45 నమూనాలో చూపుటకు పట్టాల నడుమ ఎంత దూరముండవలెను? ఆట పట్టాలనే వాడినచో నిష్పత్తి యెంత యగును?

3. మీ పాఠశాల ద్వారమును కొలిచి, నమూనా లెక్క వేసి, ఏ కొలత తప్పినదో చీటీ వ్రాయుడు.