రాజుగారి అబ్బాయని రెండేళ్లు చెప్పలేదు



నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్‌లో పనిచేసే అబ్బాయీ నేనూ రెండేళ్లుగా ప్రేమించుకుంటున్నాం. కొండాపూర్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి గదిలో ఉంటాడు. పాత బండి. నెలాఖరులో నా దగ్గర చేబదులు కూడా తీసుకుంటాడు. ఇంటిపేరు ఆఫీసులోనూ పొడి అక్షరమే. "నాన్న ఏం చేస్తారు?" అంటే "వ్యవసాయం, కొంచెం మామిడి తోటలు" అనేవాడు.

మొన్న దసరాకి ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో ఒకటి మా నాన్న ఇంట్లో అందరికీ పంపారు. కోటలో ఆయుధపూజ. పట్టు తలపాగాతో కత్తికి బొట్టు పెడుతున్నది అతనే! వెనక నుంచి ఎవరో "చినరాజావారూ, ఇటు చూడండి బాబూ" అంటున్నారు. మా జిల్లాలో పాత సంస్థానం అది.

అడిగితే ఒప్పుకున్నాడు. కాలేజీలో తెలిసిపోయాక అందరూ "ప్రభూ" అని వేళాకోళం చేసేవాళ్లట, అప్పులు అడిగేవాళ్లట. "నువ్వొక్కదానివైనా మామూలుగా ఉంటావని చెప్పలేదు" అన్నాడు. పెళ్లి మాటెత్తితే "అమ్మకి నెమ్మదిగా చెప్తా" అంటున్నాడు.

ఇంకో చిక్కుంది. మా తాతగారు ఆ ఎస్టేటు రైతు. శిస్తు కట్టలేక ఆయన దివాణం ముందు ఎండలో నిలబడ్డ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాన్నమ్మ ఇప్పటికీ ఆ కోట దారిన నడవదు. రెండేళ్లు దాచినవాడిని నమ్మొచ్చా?

– పేరు రాయవద్దు, హైదరాబాద్

జవాబు:

చేబదులు దగ్గర నవ్వుకున్నాను. కానీ అది నాటకమని అనుకోకండి. మనం సంస్థానాలని పిలుచుకునే కోస్తా జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతోనే పోయాయి. మీ తాతగారిలాంటి రైతుల చేతికి పట్టాలొచ్చాయి. మిగిలిన సొంత కమతాలకు 1973లో భూపరిమితి చట్టం కత్తెర వేసింది. 1971లో ఇందిరాగాంధీ తీసేసిన రాజభరణాలంటారా, అవి నిజాంలాంటి పాలకులకు ఇచ్చినవి, జమీందార్లకు ఎప్పుడూ లేవు. కోట మిగిలినా దానికి సున్నం వేయించడానికే అప్పు చేయాల్సిన ఇళ్లున్నాయి, పైన దాయాదుల కేసులు. అందుకని అతను మీ దగ్గర ఆస్తి దాచాడని నేననుకోను. దాచింది పేరే.

పేరు దాచిన రాకుమారుల కథలు మీరు వినే ఉంటారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ రోజుల్లో స్లిప్ ఇన్ అనే పబ్‌లో మేరీ డొనాల్డ్‌సన్ అనే ఆస్ట్రేలియా అమ్మాయికి ఒకాయన "ఫ్రెడ్" అని పరిచయం చేసుకున్నాడు. ఆయన డెన్మార్క్ యువరాజు. ఆ సంగతి ఆమెకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. 2004లో పెళ్లయింది, 2024 జనవరి నుంచి ఆమె రాణి. అందరూ ఆ పబ్ ముచ్చటే చెప్పుకుంటారు గానీ, నాకు నచ్చేది ఆ తర్వాత జరిగింది. అతని తల్లి, అప్పటి రాణి, పెళ్లికి సమ్మతి ఇచ్చింది. మేరీ డేనిష్ నేర్చుకుంది, పౌరసత్వం మార్చుకుంది. అంతా పదిమందికీ తెలిసేలా జరిగింది.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఇదే. మీరున్నారని వాళ్లింట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. కోట సంగతి మీకు చెప్పకపోవడానికి అతనికో కారణం ఉంది, నాకది సబబుగానే తోస్తోంది. మీ సంగతి కోటలో చెప్పకపోవడానికి కారణమేమిటి? దసరాకి ఊరెళ్లి, తలపాగా చుట్టుకుని, ఊరంతా చూస్తుండగా కూర్చున్న మనిషికి తల్లి దగ్గర మీ పేరెత్తే తీరిక దొరకలేదా? కులం అడ్డమా? ఇప్పటికే ఎక్కడో మాట ఇచ్చి ఉంచారా? ఈ కుటుంబాలు సంబంధాల కోసం రాష్ట్రం దాటైనా వెళ్తాయి గానీ తమ వర్గం దాటడానికి ఇప్పటికీ వెనకాడతాయి. ఈ ప్రశ్నలు అతన్ని సూటిగా అడగండి.

నాన్నమ్మ కోపాన్ని తేలిగ్గా తీసుకోకండి. నెదర్లాండ్స్ యువరాజు విలెమ్ అలెగ్జాండర్ కూడా 1999లో సెవిల్లెలో మాక్సిమా అనే అమ్మాయికి "అలెగ్జాండర్" అని మాత్రమే చెప్పుకున్నాడు. వాళ్లకు చిక్కు వచ్చింది ఆ దాపరికం వల్ల కాదు. ఆమె తండ్రి అర్జెంటీనా సైనిక ప్రభుత్వంలో మంత్రిగా చేశాడు. దానిమీద డచ్ వాళ్లు గట్టిగానే వాదులాడుకున్నారు. పార్లమెంటు పెళ్లికి ఒప్పుకుంది, 2002లో జరిగిన ఆ పెళ్లికి తండ్రి మాత్రం రాలేదు. పెద్దల పాత లెక్క పెళ్లికి ముందే బయటపెట్టి తేల్చుకున్నారు. మీ విషయంలో ఆ లెక్క అబ్బాయి వైపు ఉంది. శిస్తు వసూలు చేసింది అతను కాదు, నిజమే. అయినా నాన్నమ్మ ఎదురుగా కూర్చుని ఆ ఎండ కథ మొత్తం వినాలి. మధ్యలో "మా తాతగారు అలాంటివారు కాదండీ" అన్నాడంటే నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

నమ్మొచ్చా అని కదా అడిగారు. సంక్రాంతికి తేలిపోతుంది. మిమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లమనండి. ఆఫీసు స్నేహితురాలని చెప్పి కాదు, పెళ్లి చేసుకోబోయే అమ్మాయని ముందే చెప్పి తీసుకెళ్లాలి. ఆ తర్వాత అతను మీ నాన్నమ్మ దగ్గరికి రావాలి. ఉగాది దాకా కూడా "నెమ్మదిగా చెప్తా" అంటూనే ఉంటే, ఈ పెళ్లి అతను చేసుకోడనే లెక్క.