చెరిపే ముందు చూసుకోవాల్సింది

కర్నూలు



మీ కడప పసుపు మండీ కోసం రాసిన జాంగో కోడ్ రాత్రి రెండుసార్లు చదివినాను. రైతు, లాటు, బిల్లు, లారీ ఒక్కోదానికి ఒక్కో డిలీట్ వ్యూ రాయకుండా అన్నిటికీ ఒకటే పెట్టినావు. ఆలోచన మంచిదే. నాకు భయమేసింది ఒక్కచోటే: యూఆర్‌ఎల్‌లో ఏ పేరొస్తే ఆ మోడల్‌ను వెతికి చెరిపేస్తున్నావు. లారీ ఉన్నచోట రేపెవరైనా యూజర్ అని కొడితే యజమాని ఖాతానే పోతుంది. చెరపదగిన మోడళ్లను నువ్వే ఒక డిక్షనరీలో రాసిపెట్టు; అందులో లేని పేరొస్తే 404 ఇచ్చెయ్. ప్రతి మోడల్‌కూ జాంగో విడిగా డిలీట్ పర్మిషన్ పుట్టిస్తుంది, దాన్నీ అక్కడే అడుగు. గెట్‌తో వస్తే "తీసేయాలా?" అని అడిగే పేజీ మాత్రమే, చెరపడం పోస్ట్‌తోనే. చెరిపే ముందు చేయాల్సిన పనిని డిలీట్ మెథడ్‌లో రాసినావు, జాంగో 4.0 నుంచి డిలీట్‌వ్యూలో దాని చోటు ఫామ్ వ్యాలిడ్.

అయితే అసలు సంగతి వ్యూలో లేదమ్మా, మోడల్‌లో ఉంది.

2022 ఏప్రిల్ 4న మా కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది. అప్పుడు నేనొక ఎర్రగడ్డల మండీ సాఫ్ట్‌వేర్ చూస్తుండేవాణ్ణి. డోన్, ఆత్మకూరు మండలాలకు జిల్లా మార్చాలి. ఫారిన్ కీ మారిస్తే సరిపోయేది. తొందరలో ఆ మండలాలు తీసేసి కొత్తగా ఎక్కిద్దామనుకున్నా. మండలంతో రైతులు, రైతులతో లాటులు, లాటులతో బిల్లులు, అన్నీ క్యాస్కేడ్‌లో కొట్టుకుపోయినాయి. డబ్బుల కోసం వచ్చిన ఒక పెద్దాయన, కంప్యూటర్‌లో తన పేరే లేదంటే ఏమీ అనకుండా అట్లే నిలబడిపోయినాడు. ఆ నిలబడ్డం నేను మర్చిపోలేదు. ముందురోజు బ్యాకప్ ఉంది గనక బయటపడినాం. ఆ పొద్దుటి తూకాలు మాత్రం చీటీలు చూసి మళ్లీ ఎక్కించినాం.

జాంగో 2.0కు ముందు ఫారిన్ కీకి ఆన్ డిలీట్ రాయకపోతే అది తనంతట తానే క్యాస్కేడ్ అనుకునేది. ఇప్పుడు రాయక తప్పదు. నువ్వు మాత్రం అన్నిచోట్లా క్యాస్కేడే రాసినావు. ఒక్కో సంబంధం దగ్గర ఆగి ఆలోచించు. తూకం లాటు లేకుండా బతకదు, దానికి క్యాస్కేడ్ సరే. లారీ పోయినా పాత లోడు ఉండాలి, అక్కడ సెట్ నల్. బిల్లున్న రైతు దగ్గర ప్రొటెక్ట్ తప్ప మరొకటి వద్దు. అప్పుడు వచ్చే ప్రొటెక్టెడ్ ఎర్రర్‌ను వ్యూలో పట్టుకుని, "ఈ రైతు పేరున బిల్లులున్నాయి, తీయడానికి లేదు" అని తెలుగులో చెప్పించు. గుమాస్తాకు 500 పేజీ చూపిస్తే ఏం అర్థమవుతుంది?

ఇంకొకటి. గండికోట జలాశయం నీళ్లతో 2020లో ఖాళీ అయిన తాళ్లప్రొద్దుటూరును ఊళ్ల పట్టికలోంచి తీసేస్తానన్నావు. వద్దు తల్లీ. పాత బిల్లుల మీద రైతు ఊరు అదే. ఊరి మోడల్‌లో "వాడుకలో లేదు" అని ఒక బూలియన్ పెట్టు. అది పెట్టిన ఊరిని కొత్త ఫారంలో చూపించొద్దు, పాత బిల్లు తెరిస్తే కనబడుతుంది.

ఈ మార్పులు పెట్టే ముందు బ్యాకప్ తీసి, వేరే మెషిన్‌లో ఎక్కించి, నాలుగు బిల్లులు తెరిచి చూసుకో. అమ్మను అడిగినానని చెప్పు.

మీ మామ